కాగితం మీద ఆరుగురు కెప్టెన్లు

ఆ వీధిలో ఆమెను అందరూ కెప్టెనమ్మ అంటారు. కళ్ళజోళ్ళ దుకాణం ఆయన భార్య విమానం నడుపుతుందంటే నమ్మనివాళ్ళు మొదట్లో వెటకారానికి పెట్టిన పేరది. రానురాను వెటకారం అరిగిపోయి పేరు మిగిలింది.

తొమ్మిదేళ్ళు ఆమె సముద్రం అవతల, దీవికీ దీవికీ మధ్య టర్బోప్రాప్ విమానాలు నడిపింది. రెక్కల ముందు పంకాలు గిర్రున తిరుగుతూ, ఓ యాభై మందిని ఎక్కించుకుని, పెద్ద విమానాలు దిగలేని చోట దిగే రకం. జెట్లు నడిపేవాళ్ళు వాటిని సిటీ బస్సుల్లా చిన్నచూపు చూస్తారు. ఆమెకు అవంటేనే ప్రాణం. పొట్టి రన్‌వే, పక్కగాలి, ఉన్నట్టుండి వాన, రోజుకు ఆరుసార్లు ఎగరడం, ఆరుసార్లు దిగడం. ఎనిమిది వారాలు అక్కడుంటే రెండు వారాలు ఇంట్లో. ఆ రెండింటిలో మొదటి వారం కూతురికి అమ్మ అలవాటు కావడానికి సరిపోయేది. రెండో వారం అమ్మ వెళ్ళిపోతుందని ముడుచుకుపోవడానికి సరిపోయేది.

"ఈసారి ఎన్నాళ్ళుంటావమ్మా?" అని గుమ్మంలోనే అడిగే పిల్ల, తొమ్మిదో ఏడు వచ్చేసరికి అడగడం మానేసింది. అడిగినన్నాళ్ళూ బాధపడిన కెప్టెనమ్మ, మానేశాక భయపడింది.

సరిగ్గా అప్పుడే తాపీ అన్నయ్య ఫోన్ చేశాడు.

విమానం నడపడం నేర్చుకున్న రోజుల్లో ఆయన ఆమెకు శిక్షకుడు. పక్కగాలి తోసేస్తుంటే, రన్‌వే ఒకవైపూ విమానం ముక్కు ఇంకోవైపూ ఉంటే, ఆమె చేతులు వణికేవి. ఆయన పక్కసీట్లో చేతులు కట్టుకుని కూర్చునేవాడు. "తాపీగా చెల్లెమ్మా, తాపీగా. నేల ఎక్కడికీ పారిపోదు," అనేవాడు. ఆ మాటతో ఆమె చేతులు కుదురుకునేవి. తాపీ అన్నయ్య అని పేరు పెట్టింది కూడా ఆమే. పదహారేళ్ళ తరువాత కూడా, దీవుల్లో గాలి అడ్డం తిరిగినప్పుడల్లా ఆ మాటే ఆమె చెవిలో వినబడేది.

"కొత్త కంపెనీ పెడుతున్నారు చెల్లెమ్మా," అన్నాడాయన. "రెండు విమానాలు. నువ్వు నడిపే రకమే. ఆపరేషన్స్ అంతా నా చేతిలో ఉంది. ఎడమ సీటు నీకోసం పక్కన పెట్టాను. ఇంకా ఎన్నాళ్ళు ఆ ఉప్పుగాలి తింటావు?"

ఎడమ సీటు అంటే కెప్టెన్‌ది. కుడి సీటు కో-పైలట్‌ది. ఆ రెండు సీట్ల మధ్య దూరం జానెడే గాని, దాన్ని దాటడానికి ఆమెకు ఆరేళ్ళు పట్టింది.

భర్త అంతా విని, "నియామకం ఉత్తరం చేతికొచ్చాక రాజీనామా చేస్తే బాగుంటుందేమో," అన్నాడు. చిన్న అక్షరాలు చదివించడమే ఆయన వృత్తి.

"అన్నయ్య నోటితో చెప్పాక కాగితం అడిగితే ఏం బాగుంటుందండీ?"

పక్కగదిలోంచి అత్తగారు అందుకుంది. "సొంత అన్న లేడు కదాని, కనబడ్డవాడినల్లా అన్నయ్య అనుకుంటే ఎలా అమ్మాయ్?"

"కనబడ్డవాడు కాదత్తయ్యా. నాకు దిగడం నేర్పినవాడు."

దీవుల్లోని పెద్దాయన రాజీనామా తీసుకుంటూ, "మనసు మారితే ఒక్క ఫోన్ చెయ్యి, నీ సీటు నీకే," అన్నాడు. ఆర్నెల్లకోసారి నేల మీది నకిలీ కాక్‌పిట్‌లో తప్పని సిమ్యులేటర్ పరీక్ష అక్కడే పూర్తి చేసుకుని, వారం తిరక్కుండా ఆమె ఇంటికి వచ్చేసింది.

వచ్చిన మూడో రోజున తాపీ అన్నయ్య దుకాణానికే వచ్చాడు. కళ్ళు పరీక్షించే కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. లైసెన్సు నకళ్ళు తీసుకున్నాడు, ప్రతి ప్రయాణమూ రాసుకునే లాగ్‌బుక్ చివరి పేజీ ఫొటో తీసుకున్నాడు, ఆమె ఫొటోలు రెండు తీసుకున్నాడు. కంపెనీలో పనిచేయడానికి సమ్మతమేనని మూడు కాగితాల మీద సంతకం పెట్టించాడు. భర్త టీ తెప్పించాడు. వెళ్ళేటప్పుడు ఆయన పాప తల నిమిరి, "మీ అమ్మలా పక్కగాలిలో దిగేవాళ్ళు మా బ్యాచుల్లోనే లేరు తెలుసా?" అన్నాడు. ఆ మాట పాప నెలరోజులు బడిలో చెప్పుకుంది.

తరువాత మొదలయింది వచ్చేవారం. విమానానికి రంగు వేస్తున్నారు, వచ్చేవారం. ఇంజన్ కాగితాలు కస్టమ్స్‌లో చిక్కుకున్నాయి, వచ్చేవారం. పెద్ద సారు ఊళ్ళో లేరు, వచ్చేవారం. ఫోన్ చేసినప్పుడల్లా ఆ తాపీ గొంతు విని ఆమె మనసు కుదుటపడేది, పెట్టేశాక మళ్ళీ కదిలేది. ఈలోగా చేతులు మరిచిపోకూడదని, కాక్‌పిట్ బొమ్మను నిలువెత్తున అచ్చు వేయించి బీరువా తలుపులకు అంటించింది. కుర్చీ ఎదురుగా వేసుకుని, కాగితం మీటలను వేలితో తాకుతూ రోజూ ఒక ప్రయాణం చేసేది. పాప పక్కన నిలబడి జాబితా చదివేది.

"చక్రాలు?" అనేది పాప.

"దించాను. మూడు పచ్చదీపాలు."

"బీరువాను ఎక్కడిదాకా తోలారే?" అనేది అత్తగారు. "నా చీరలు దానిలోనే ఉన్నాయి. వేరే ఊళ్ళో దించెయ్యకండి."

అలా నవ్వుతూనే అయిదు నెలలు గడిచిపోయాయి. ఇంకో ఇరవై రెండు రోజుల్లో, అంటే పంతొమ్మిదో తేదీలోగా, ఆమె ఏదో ఒక కంపెనీ తరఫున సిమ్యులేటర్ పరీక్షకు కూర్చోవాలి. లేకపోతే ఆ విమానం నడిపే అర్హత గడువు తీరిపోతుంది. ఆ తరువాత మళ్ళీ మొదటి నుంచి శిక్షణ. ఇక్కడి కంపెనీల్లో అలా వచ్చినవాళ్ళకి నేరుగా ఎడమ సీటు ఇవ్వరు. గడువు గురించి చెబితే తాపీ అన్నయ్య, "పంతొమ్మిది కదా, బోలెడంత టైముంది. తాపీగా ఉండు," అన్నాడు.

ఈసారి ఆమె తాపీగా ఉండలేకపోయింది. సరుకులు మోసే ఒక కంపెనీలో అదే రకం విమానానికి కెప్టెన్లు కావాలని ప్రకటన చూసి, అన్నయ్యకు చెప్పకుండా వెళ్ళింది. చెప్పకుండా వెళ్ళినందుకు దారిపొడుగునా సిగ్గుపడింది.

అక్కడి చీఫ్ పైలట్ కోరమీసాల ముసలాయన. ఆమె లాగ్‌బుక్ పేజీలు తిప్పుతూ మధ్యమధ్య ఆగేవాడు.

"ఈ రన్‌వే నాకు తెలుసు. చివర కొండ ఉంటుంది."

"ఎడమవైపు కొంచెం విరిగిన కొండండి."

"సెలవులకెళ్ళి చూశారా, దిగి చూశారా?"

"మూడొందల పైచిలుకు సార్లు దిగానండి."

ఆయన పుస్తకం మూసేశాడు. "పదకొండో తేదీన సిమ్యులేటర్ ఖాళీ ఉంది. పరీక్ష అక్కడే అయిపోతుంది. చేరండి."

ఆమె లేచి నిలబడింది. కాళ్ళు నేల మీద ఆనలేదు. రికార్డుల గుమాస్తా ఆమె లైసెన్సు నంబరు కంప్యూటర్‌లో కొట్టి, చాలాసేపు తెరకేసి చూసి, "మీరు ఆల్రెడీ ఉద్యోగంలో ఉన్నారు కదండీ," అన్నాడు.

"లేను."

"విమానయాన శాఖ జాబితాలో ఉన్నారు. కొత్త కంపెనీలో కెప్టెన్. అయిదు నెలల నుంచి." తెర ఆమె వైపు తిప్పాడు. "వాళ్ళు వదిలేస్తున్నట్టు ఉత్తరం ఇస్తే గానీ మేం తీసుకోకూడదు."

చీఫ్ పైలట్ మీసం నిమురుకున్నాడు. "మీ పేరు మీద ఎవరో జెండా పాతేశారమ్మా. పీకించుకు రండి. పదకొండు దాకా సీటు ఆపుతాను."

కొత్త కంపెనీ ఆఫీసు ఒక మేడ మూడో అంతస్తులో ఉంది. గోడల రంగు వాసన ఇంకా పోలేదు. బల్ల దగ్గరున్న అమ్మాయి ఆమెను చూడగానే నవ్వు మొహం పెట్టింది.

"కెప్టెన్ గారు కదూ? మీ ఫొటో నాకు బట్టీ వచ్చేసింది." సొరుగు లాగి ఒక గుర్తింపు కార్డు తీసింది. ఆమె ఫొటో, ఆమె లైసెన్సు నంబరు, కింద కెప్టెన్ అని. దారం చుట్టి ఉంది, ప్లాస్టిక్ పొర ఒలవలేదు. సొరుగులో అలాంటివి ఇంకో అయిదున్నాయి.

"వీళ్ళంతా ఎక్కడమ్మా?"

"ఏమోనండీ, ఒక్కరూ రారు. తనిఖీకి వస్తారని చెప్పారు. విమానాల్ని అద్దెకిచ్చేవాళ్ళ పైలట్లు మాత్రం వచ్చి ట్రైనింగు కూడా అయిపోయింది. వాళ్ళేగా నడిపేది." అనేశాక ఆ అమ్మాయి నాలుక కరుచుకుంది.

తాపీ అన్నయ్య గాజు గదిలో ఉన్నాడు. ఆమెను చూసి కంగారుపడలేదు. కంగారుపడి ఉంటే ఆమెకు కొంత బాగుండేది.

"కూర్చో చెల్లెమ్మా."

"కూర్చోను. నడిపేవాళ్ళు వేరే ఉన్నారట కదా."

ఆయన తలుపు మూశాడు. "చూడు, పర్మిట్ రావాలంటే ఈ దేశం లైసెన్సున్న కెప్టెన్లు ఆరుగురు కాగితం మీద కనబడాలి. అద్దె విమానాలతో పాటు వాళ్ళ పైలట్లనే తీసుకోవాలని పెద్ద సారు ముందే ఒప్పందం చేసుకున్నాడు. నేనేం చెయ్యను?"

"ముందే అంటే ఎప్పుడు? నాకు ఫోన్ చేయకముందా?"

ఆయన కలం మూత తీశాడు, పెట్టాడు.

"అక్కడ ఉద్యోగం మానిపించకుండా కాగితాలే అడగొచ్చు కదా అన్నయ్యా?"

"వేరే దేశం కంపెనీలో ఉన్నవాళ్ళ పేరు పెట్టనివ్వరు. నువ్వయితే..." ఆగాడు. "నువ్వయితే నా మాట మీద ఉంటావని."

నమ్మినందుకే ఎంచుకున్నాడన్నమాట. అదేదో మెచ్చుకోలులా చెబుతున్నాడు.

"నన్ను వదిలేస్తున్నట్టు ఉత్తరం ఇవ్వండి. పదకొండున నేను సరుకుల కంపెనీ సిమ్యులేటర్‌లో ఉండాలి."

"ఇస్తాను. తొమ్మిదో తేదీన తనిఖీ ఉంది. ఒక్కరోజు యూనిఫాం వేసుకొచ్చి కూర్చో. ఇన్‌స్పెక్టర్ వెళ్ళగానే, ఆ సాయంత్రమే నీ చేతిలో ఉత్తరం పెడతాను. పదకొండున నువ్వు సిమ్యులేటర్‌లో ఉంటావు. ఎవరికీ నష్టం లేదు."

ఇంటికొచ్చి చెబితే భర్త కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండిపోయాడు. "వెళ్ళి కూర్చో," అన్నాడు చివరికి. "మాట్లాడకుండా కూర్చోవడం అబద్ధం కిందికి రాదు."

ఆమెకూ అలాగే అనిపించింది. అలా అనిపించేటట్టు మూడు రాత్రులు మనసుకు నచ్చజెప్పుకుంది.

తొమ్మిదో తేదీ పొద్దున ఆ ఆఫీసులోని పొడవాటి గదిలో ఆరుగురూ మొదటిసారి ఒకరినొకరు చూసుకున్నారు. ఇస్త్రీ మడతలు చెక్కుచెదరని చొక్కాలు, భుజాన నాలుగేసి బంగారు గీతలు. గోడ పక్కన పెళ్ళివారిలా వరసగా కుర్చీలు. ఒక పొడుగాయన గొంతు సవరించుకున్నాడు.

"మీకూ ఆయనే ఫోన్ చేశాడా?"

"ఆయనే. తమ్ముడూ, ఎడమ సీటు నీదే అన్నాడు," అన్నాడు ఒక గడ్డం కుర్రాడు.

"నన్ను బావా అంటాడు," అన్నాడు పొడుగాయన.

నడివయసు ఆవిడ నిట్టూర్చింది. "నన్ను అక్కా అనేవాడు. తమ్ముడే కదా అని నేనూ కాగితం అడగలేదు."

"అయితే మనమంతా దగ్గర చుట్టాలమేనన్నమాట," అన్నాడు పొడుగాయన. కిటికీ పక్కన కూర్చున్న బట్టతలాయన దిగులుగా, "నన్ను మిత్రమా అనేవాడండి. నాకు చుట్టరికం కూడా దక్కలేదు," అన్నాడు. ఆరో ఆయన ఆపుకోలేక నవ్వాడు. అందరూ నవ్వారు. కెప్టెనమ్మ కూడా నవ్వింది. పదహారేళ్ళుగా తనకొక్కదానికే ఉందనుకున్న వరస అది.

ఇన్‌స్పెక్టర్ సన్నగా, నెమ్మదిగా ఉన్నాడు. ఒక్కొక్కరినీ బల్ల దగ్గరికి పిలిచి ఫైలు తెరిచి రెండు ప్రశ్నలడిగి పంపుతున్నాడు. పక్కనే తాపీ అన్నయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పొడుగాయన అయిపోయాడు, గడ్డం కుర్రాడు అయిపోయాడు. ఆమె వంతు వచ్చింది.

"మీ శిక్షణ రికార్డు చూస్తున్నానండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్, మాట కలపడానికన్నట్టు. "పోయిన నెల పన్నెండున ఈ కంపెనీ విమానంలో మూడుసార్లు దిగారు. పక్కగాలి బాగానే ఉన్నట్టుంది ఆ రోజు."

ఆమె ఫైలులోకి చూసింది. శిక్షణ పత్రం. మూడు ల్యాండింగులు, వేళలతో సహా. గాలి ఎటునుంచి ఎంత వేగంతో వీచిందో రాసి ఉంది. కింద ఆమె సంతకం లాంటి సంతకం. ఆ పక్కన తాపీ అన్నయ్య గుండ్రటి చేతిరాత: చేతులు కుదురుగా ఉన్నాయి, చాలా బాగా దింపింది.

ఉద్యోగంలో ఉన్నట్టు కూర్చోవడానికి ఆమె సిద్ధపడే వచ్చింది. ఎన్నాళ్ళుగా పనిచేస్తున్నారని అడిగి ఉంటే, అయిదు నెలలని కళ్ళు దించుకుని చెప్పేసేది కూడా. కానీ దిగని విమానాన్ని దిగానని ఎలా చెప్పడం? ఒక్కో ల్యాండింగూ ఒక్కో గీతగా పదహారేళ్ళు రాసుకుంటూ వచ్చిన పుస్తకం ఆమెది. బాగా దిగనివి కూడా రాసుకుంది, గట్టిగా తగిలిందని పక్కన పెన్సిలుతో. పోయిన నెల పన్నెండున ఆమె బీరువా ముందు కూర్చుని ఉంది.

తల ఎత్తితే తాపీ అన్నయ్య తనవైపే చూస్తున్నాడు. పెదవులు కదలకుండానే ఆ మాట ఆమెకు వినబడింది. తాపీగా, చెల్లెమ్మా.

"ఆ రోజు నేను ఏ విమానమూ దింపలేదండి," అందామె. "ఈ కంపెనీ విమానం నేనింకా చూడనే లేదు. ఆ సంతకం నాది కాదు."

ఇన్‌స్పెక్టర్ కలం పట్టుకుని, "మళ్ళీ ఒకసారి చెప్పండి, రాసుకుంటాను," అన్నాడు. ఆమె మళ్ళీ చెప్పింది. తరువాత ఆయన మిగతా అయిదు ఫైళ్ళూ దగ్గరికి లాక్కున్నాడు. అందరూ అదే పన్నెండో తేదీన, అదే గాలిలో, మూడేసిసార్లు చాలా బాగా దింపి ఉన్నారు.

కిందికి దిగేటప్పుడు మెట్ల మీద ఇన్‌స్పెక్టర్‌ని ఆపి, తన పేరు ఎప్పుడు విడిపిస్తారని అడిగింది. ఆయన మొహంలో జాలి కనబడింది. "విచారణ మొదలయిందండి. అయ్యేదాకా ఆరు పేర్లూ ఎక్కడివక్కడ ఆగిపోతాయి. నా చేతుల్లో లేదు. రెండు నెలలు పట్టొచ్చు."

"నిజం చెప్పినదాన్ని కూడానా?"

"చెప్పింది నిజమని తేలేదాకా అంతేనండి."

వెనకే తాపీ అన్నయ్య దిగి వచ్చాడు. మొదటిసారి ఆ మనిషి ఆయాసపడడం చూసింది.

"ఒక్క పూట ఆగితే ఉత్తరం నీ చేతిలో ఉండేది. నువ్విలా చేస్తావనుకోలేదు చెల్లెమ్మా. నీకు నేర్పింది నేను."

"నేర్పారు. మళ్ళీ చెల్లెమ్మా అనకండి."

పొడుగాయన వీధిలో నిలబడి సిగరెట్ వెలిగించుకుంటున్నాడు. ఆమెను చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. గడ్డం కుర్రాడు మాత్రం దగ్గరికొచ్చి, "మీకు సరుకుల కంపెనీ ఉందట కదండీ. నాకున్న ఆశ ఇదొక్కటే. ఆయన ఏదో ఒకరోజు ఎక్కించేవాడేమో," అన్నాడు. కోపంతో కాదు. కోపంతో అని ఉంటే జవాబు చెప్పేది. ఆ మాట తను కూడా అయిదు నెలలపాటు అనుకుంటూ ఉన్నదే.

పదకొండో తేదీ వచ్చింది, పోయింది. కోరమీసాల ముసలాయన సీటు ఇంకొకరికి ఇచ్చి, ఆమెకు ఫోన్ చేశాడు. "విచారణ తేలాక రండి. శిక్షణ మేమే ఇప్పిస్తాం. కానీ కుడి సీటు. ఎడమదానికి రెండేళ్ళు పట్టొచ్చు. నాకూ ఇష్టం లేదమ్మా, పద్ధతి అంతే."

ఆ సాయంత్రమే ఆమె దీవులకు ఫోన్ చేసింది. అక్కడి పెద్దాయన మాట తప్పలేదు. ఇక్కడి జాబితాతో తమకు పనిలేదని, శిక్షణ తామే ఇప్పిస్తామని, వచ్చే నెలే రమ్మన్నాడు. అదే సీటు, అదే రన్‌వేలు, ఎనిమిది వారాలు అక్కడ, రెండు వారాలు ఇక్కడ. మాట తప్పని మనిషి అంత దూరంలో ఉండడం చూసి ఆమెకు ఏడుపొచ్చింది.

పంతొమ్మిదో తేదీన దుకాణం మూసే వేళకు భర్త దగ్గర కూర్చుంది. ఆయన కటకాలు ఒక్కొక్కటే దీపానికి ఎత్తి చూసి కవరులో పెడుతున్నాడు.

"వెళ్ళు," అన్నాడు. "మేముంటాం. అలవాటే కదా."

"అలవాటయిపోయిందనే కదండీ వచ్చేసింది."

"కుడి సీట్లో నీకన్నా చిన్నవాడి పక్కన కూర్చోగలవా? వాడు చక్రాలు దించు అంటే దించాలి."

"దించుతాను."

"ఏడవకుండా?"

"అది చెప్పలేను."

ఇంటికొచ్చేసరికి పాప లెక్కలు చేసుకుంటోంది. అమ్మ వంక చూసి, ఏమీ అడగకుండా మళ్ళీ పుస్తకంలో తల దూర్చింది. కెప్టెనమ్మ ఆ పిల్ల ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నేనిక ఇక్కడే ఉంటానే."

"ఎన్నాళ్ళు?" అంది పాప. అని, అనుమానంగా, "నిజంగానేనా, ఆ అంకుల్ చెప్పినట్టా?" అంది.

పిల్ల జడ సరిచేసి లేచి, గదిలోంచి యూనిఫాం భుజపట్టీలు తెచ్చి అత్తగారి ముందు పెట్టింది. దీవుల్లో ఒక దర్జీ చేత కుట్టించుకున్నవి, నల్లగుడ్డ మీద నాలుగు బంగారు గీతలు. కో-పైలట్‌కి మూడే.

"ఒక గీత తీసెయ్యాలత్తయ్యా. నేను తీస్తే గుడ్డ చిరుగుతుంది."

అత్తగారు ఈసారి హాస్యమాడలేదు. కళ్ళజోడు పెట్టుకుని, కత్తెర కొన కుట్టు కిందికి పోనిచ్చింది.

"ఏ గీత? పైదా, కిందదా?"

"ఏదైనా ఒకటేనండి."

"కొత్తవి కొనుక్కోవచ్చు కదా అమ్మాయ్. బజార్లో దొరకవా?"

"దొరుకుతాయి. ఇవైతే నావి."

అత్తగారు కుట్టు తరువాత కుట్టు తెంపుతూ పోయింది. గీత ఊడి వచ్చింది. దాని కింద ఎండ తగలని గుడ్డ, చుట్టూ వెలిసిన నలుపు మధ్య, కొత్తదానిలా చిక్కటి నలుపుతో ఉంది. దూరం నుంచి చూసినా అక్కడేదో ఉండేదని తెలిసిపోతుంది.

"ఇది కనబడుతుందే," అంది అత్తగారు.

"కనబడనివ్వండి," అని కెప్టెనమ్మ రెండో పట్టీ ఆమె చేతికిచ్చింది.